వాసిల్కా నలభయ్యో రోజు కాగితం

గోధుమలు నానబెట్టాలి. బేకరీలో పెద్ద రొట్టెలు ఏడు, చిన్నవి నలభై చెప్పాలి. ఎర్ర ద్రాక్షసారా రెండు సీసాలు తేవాలి, ఒకటి సమాధి మీద పోయడానికి, ఒకటి వచ్చినవాళ్ళకి. కొవ్వొత్తులు కొనాలి. ఫాదర్‌కి కబురు పెట్టాలి. పోయినవాళ్ళకి తెచ్చే చామంతులు సరి సంఖ్యలోనే ఉండాలి. ఇంక సంస్మరణ కాగితాలు. ఫొటోతో, నల్ల అంచుతో అచ్చు వేయించి గేటుకి, బస్టాపుకి, కొట్టు తలుపుకి, చర్చి బయట బోర్డుకి అంటించాలి.

మింకా ఈ పనులన్నీ ఒక కరెంటు బిల్లు వెనకాల రాసి, వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బా కింద పెట్టింది. ఆమె స్టామెన్‌కి అక్క, డెబ్భై దాటిన మనిషి. స్టామెన్ భార్య వాసిల్కా పోయిన రోజు నుంచి తమ్ముడి ఇంటి పెత్తనమంతా ఆమెదే. శనివారం ఆ వాసిల్కా నలభయ్యో రోజు దినం. ఇవాళ గురువారం.

పొద్దున్నే ప్లోవ్‌డివ్ పట్నం నుంచి మొదటి బస్సుకి నేదా దిగింది. స్టామెన్, వాసిల్కాల ఒక్కగానొక్క కూతురు, ఆ ఇంట్లో మొదటిసారి పట్నం చదువు చదివిన పిల్ల. అక్కడ బడిలో జీవశాస్త్రం చెబుతుంది. తనతో పనిచేసే ఒకావిడకి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పటి నుంచి, సెలవు రోజుల్లో ఆ జబ్బు పడి లేచినవాళ్ళ సంఘంలో తిరుగుతోంది. ఊరూరికీ రొమ్ము పరీక్షలు చేసే బస్సు తీసుకెళ్ళడం, భయపడినవాళ్ళ పక్కన కూర్చోవడం ఆమె పని.

"కాగితంలో ఏం వేయించాలో రాసుకొచ్చాను" అని బల్ల మీద పెట్టింది.

మింకా కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది.

"వాసిల్కా దిమోవా, అరవై మూడేళ్ళు. మమ్మల్ని విడిచి నలభై రోజులు. ఆమె రొమ్ము క్యాన్సర్‌తో..." అక్కడ ఆగిపోయింది. "ఒరేయ్ స్టామెన్! ఇలా రా. నీ కూతురికి మతి పోయింది."

స్టామెన్ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఊరి నీళ్ళ పంపు నడిపినవాడు, మాట తక్కువ.

"చదువు అత్తా, మిగతాది కూడా చదువు" అంది నేదా.

"నా నోటితో చదవను. ఈ మాట చర్చి బోర్డు మీద పెడతావా? ఫాదర్ దాని పక్కనుంచే లోపలికి నడవాలి! పాపం ఆయన కళ్ళెక్కడ పెట్టుకుంటాడు?"

"ఆయన కూడా ఒక తల్లి పాలు తాగే పెరిగాడు అత్తా."

"నోర్ముయ్. మూత్రపిండాల జబ్బని అందరికీ చెప్పాం. పోయిన రోజు కాగితంలో 'అకస్మాత్తుగా' అని వేయించాం. ఇప్పుడు ఇది చూసి ఊరేమంటుంది? నీకు కూడా ఉందేమో అనరూ?"

"ఏడాది పైగా మంచాన పడిన మనిషి అకస్మాత్తుగా పోయిందా?" నేదా గొంతు పెరిగింది. "మంగళవారం మళ్ళీ బస్సు వస్తోంది. కిందటేడు మే నెలలో వస్తే ఎంతమంది ఎక్కారో తెలుసా? ఏడుగురు. ఊరు మొత్తానికి ఏడుగురు! అమ్మ ఏం చేసింది? నర్సులకి పళ్ళెం నిండా జున్ను పెట్టిన బానిత్సా రొట్టె కాల్చి తెచ్చింది. జున్ను వేడి తగ్గకముందే తినండమ్మా అంటూ బస్సు మెట్ల దగ్గర నిలబడింది. లోపలికి మాత్రం ఎక్కలేదు. రెండు మెట్లు, నాన్నా. రెండే మెట్లు."

స్టామెన్ కాగితం వైపు చూడలేదు. "ఆ ముక్క తీసెయ్ నేదా. మామూలుగా వేయించు."

"తియ్యను."

"మీ అమ్మ బతికుంటే ఒప్పుకునేది కాదు."

"అవును, ఒప్పుకోదు! పక్క ఊళ్ళ ఆడవాళ్ళు నాకు ఫోన్లు చేసి చెప్పుకుంటారు. ముఖం తెలియనివాళ్ళు. మా అమ్మ మాత్రం చెప్పలేదు. అంత గడ్డ చేతికి తగలకుండా ఉంటుందా? తెలిసే దాచింది. నన్ను నమ్మలేదు. ఉత్త సిగ్గు కోసం చచ్చిపోయింది."

"మీ అమ్మని అనకు."

"అంటాను. మొండి మనిషి. ఎవ్వరికీ చెప్పకుండా..."

"చెప్పింది" అన్నాడు స్టామెన్.

మింకా కళ్ళజోడు తీసేసింది.

"ఎవరికి?"

"నాకు."

అతను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఆ తరువాత మాటలు ఒక్కొక్కటీ బరువు ఎత్తినట్టు వచ్చాయి.

"కిందటేడు ఫిబ్రవరిలో, ద్రాక్షతోటల ట్రిఫన్ పండుగ రోజు. ద్రాక్ష తీగలు కత్తిరించి ఇంటికొచ్చాను. చెయ్యి వంటగుడ్డకి తుడుచుకుంటూ వచ్చి, స్టామెన్, ఇక్కడ ఒకసారి చూడు, అంది. బఠాణీ గింజంత గడ్డ ఉంది. చలి తగిలిందే, అన్నాను. మనింట్లో ఏదొచ్చినా సారా గుడ్డే కదా. నీ గొంతుకి, అక్క మోకాలికి, నా నడుముకి. క్యాబేజీ ఆకుని రొట్టెల కర్రతో నలగ్గొట్టి, దాని మీద మన ప్లమ్ సారాలో ముంచిన గుడ్డ వేసి, ఉన్ని శాలువా బిగించి కట్టేవాణ్ణి. రోజూ నేనే. అయిదున్నర నెలలు. ఒక్క రోజు మానలేదు."

"మరి బస్సు వచ్చినప్పుడు?" అంది నేదా.

"వెళ్తానంది. మన నేదా తెచ్చిన బస్సు కదా, చూపించుకుని వస్తాను, అంది. నేనే వద్దన్నాను. సారాకి చర్మమంతా కమిలిపోయి ఉంది. అది చూసి నర్సులు నవ్వుతారు, చదువుకున్న పిల్ల, దానికి తలవంపులు, అన్నాను. ఇంకో రెండు వారాలు కడదాం, చర్మం బాగయ్యాక వెళ్దువు, అన్నాను. అందుకే బయట నిలబడింది."

నేదాకి కిందటేడు ఆగస్టు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు ఆ మచ్చలు చూసి ఏమిటివని అడిగాడు. వేడి నీళ్ళు ఒలికాయి బాబూ, అని అమ్మ నవ్వింది. తను పక్కనే ఉండి, నమ్మింది.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"వద్దంది. చెబితే నేదా జన్మలో నీతో మాట్లాడదు, నేను పోయాక నీకింకెవరున్నారు, అంది."

నేదా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. కోసిన తీగల మోపు పక్కన, కోళ్ళ గూటికి ఆనుకుని నిలబడింది. భార్యలు పోయాక సంఘానికి వచ్చే మగవాళ్ళకి ఆమె ఎన్నిసార్లు చెప్పింది, ఇది మీ తప్పు కాదు, మీకు తెలియక జరిగింది, అని! ఎంత మెత్తగా చెప్పేది! ఇప్పుడు లోపలికి వెళ్ళి అదే మాట ఇంకొక్కసారి చెప్పాలి. నోరు తెరిస్తే అరుపు వచ్చేలా ఉంది. ఇంటింటికీ తిరిగి అందరి అమ్మలకీ చెప్పాను, మా నాన్నకి చెప్పలేదు, అనుకుంది. జబ్బు గుర్తుల గురించి ముందే మగవాళ్ళకి కూడా చెప్పాలని ఒక్కసారైనా తోచలేదు. అప్పుడు ఏడుపు వచ్చింది. తలుపు దగ్గరికొచ్చిన మింకా చూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి స్టామెన్ వచ్చాడు. చేతిలో అదే కాగితం. నేదా రాసిన దాని కింద, వడ్రంగి పెన్సిల్‌తో, పెద్ద పెద్ద వంకర అక్షరాలు ఉన్నాయి.

'ఆమె మొదటి రోజే నాకు చూపించింది. నేను సారా గుడ్డ కట్టాను. బస్సు వచ్చిన రోజు నేనే వెళ్ళొద్దన్నాను. ఇది మగవాళ్ళు కూడా చదవండి. స్టామెన్, ఆమె భర్త.'

నేదా రెండుసార్లు చదివింది. "ఇది వద్దు నాన్నా. ఊరు నిన్ను బతకనివ్వదు."

"నువ్వు రాసింది ఒక్కటే చదివితే వాసిల్కా సిగ్గుతో దాచుకుందనుకుంటారు. నువ్వు కూడా అలాగే అనుకున్నావు. అది అబద్ధం. వాసిల్కా చెప్పింది."

"నువ్వు ప్రేమతోనే కట్టావు."

"ప్రేమతోనే కట్టాను" అన్నాడతను. "అదే నాకు మింగుడు పడటం లేదమ్మా. కోపంతో కట్టి ఉంటే ఏదో ఒక రోజు మానేసేవాణ్ణి."

నేదా అతని చెయ్యి పట్టుకుంది. క్షమించానని చెప్పలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి వెళ్ళి అచ్చు వేయించారు. గేటు మీద మొదటి కాగితం స్టామెనే అంటించాడు.

శనివారం సమాధి దగ్గర ఊరు ఊరంతా ఉంది. అందరూ కాగితం చదివే వచ్చారు. ఫాదర్ ప్రార్థన ముగించాడు. నేదా గోధుమల గిన్నె పట్టుకుంది. గుప్పెడు తీసుకున్న ప్రతివాళ్ళూ, దేవుడు ఆమెను క్షమించుగాక, అని ముందుకి జరగాలి. అది ఆనవాయితీ. అంటున్నారు, జరుగుతున్నారు. స్టామెన్ వైపు మాత్రం ఎవరూ చూడటం లేదు. అతను టోపీ చేతిలో నలుపుతూ నేల చూస్తున్నాడు.

ఎదురింటి కునా అవ్వ వంతు వచ్చింది. ఎనభై ఆరేళ్ళ మనిషి. గోధుమలు తీసుకుంది, వాసిల్కా కోసం ఆ మాట అంది. జరగలేదు. కర్ర ఆనించుకుని స్టామెన్ ముందుకి వచ్చింది.

"నేను కూడా మా ఆయనకి అదే గుడ్డ కట్టాను, పొట్ట మీద" అంది. "నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. దేవుడు నిన్నూ క్షమించుగాక, స్టామెన్."

నలభై రోజులుగా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, నోరు మూసుకోకుండా. నేదా గిన్నె కింద పెట్టి అతన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆ రోజు పెరట్లో చెప్పలేకపోయిన మాట అప్పుడు దానంతటదే వచ్చింది. "నీకు తెలియదు నాన్నా. నీకు తెలియదు కదా."

తిరిగి వస్తుంటే మింకా నేదా చెయ్యి గిల్లింది.

"ఆ బస్సులో బట్టలన్నీ విప్పమంటారా ఏంటి?"

"పైవి మాత్రమే అత్తా."

"మగ డాక్టరా?"

"ఆడవాళ్ళే."

"ఊ" అని పది అడుగులు నడిచింది. "పొద్దున్నే వస్తాను. ఆలస్యమైతే ఈ ఊరి కబుర్లన్నీ క్యూలో నిలబడి వినాలి."

మంగళవారం యాభై నలుగురు వచ్చారు. పంతొమ్మిది మందిని వాళ్ళ మగవాళ్ళే తీసుకొచ్చారు. స్టామెన్ బస్సు మెట్ల పక్కన నిలబడి, ముసలివాళ్ళకి ఎక్కడానికి చెయ్యి అందించాడు. ఎక్కిన ప్రతి మనిషి వెనకా ఒక్క క్షణం అలాగే చూస్తుండిపోయాడు.

ఎప్పుడైనా మీ ఇంట్లో ఒక ఆడమనిషి పని మధ్యలో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఇక్కడ ఒకసారి చూడు, అంటే ఏం కాదులే అని మాత్రం అనకండి. ఆ ఒక్క క్షణం వాసిల్కా దిమోవాను తలుచుకోండి.