థోర్న్‌బెక్ లోయలో గాల్లో నడిచిన లాంతరు

పొద్దుగూకాక థోర్న్‌బెక్ వాగు దారిన ఎవరూ రారు. ఇప్పటికీ రారు.

ఒకప్పుడక్కడ రైలు వంతెన ఉండేది. ఈ కొండ నుంచి ఆ కొండకి వరసగా రాతి కమాన్లు. కింద నిలబడి తలెత్తితే సగం ఆకాశం అదే. తర్వాత రైళ్లు ఆగిపోయాయి. కొన్నాళ్లకి మందు పెట్టి పేల్చేశారు. రాళ్లన్నీ వాగులో కుప్పపడ్డాయి. ఊరివాళ్లు మోయగలిగినన్ని మోసుకుపోయి పందుల దొడ్లకీ పెరటి గోడలకీ పెట్టుకున్నారు.

వంతెన పోయింది. కానీ మంచు పట్టిన సాయంత్రాల్లో, ఆ ఎత్తున, ఏమీ లేని చోట — ఒక లాంతరు నడుస్తుందని చెప్పుకునేవారు. కట్టేటప్పుడు జారిపడి చచ్చిన కూలీల్లో ఎవరో ఇంకా పట్టాలు చూసుకుంటున్నాడట...

సైరిల్ బౌడెన్ మాత్రం పగలబడి నవ్వేవాడు. వంతెన కూల్చిన ముఠాలో అతనూ ఒకడు. పబ్బులో గ్లాసు బల్లకేసి కొట్టి మరీ చెప్పేవాడు.

"మీట నొక్కింది ఈ చెయ్యే! దెయ్యముంటే అదీ రాళ్లతోపాటే కూలింది. పోయి మీ పందుల దొడ్లో వెతుక్కోండి!"

నవంబరులో ఒకరోజు అతనూ, భార్య ఎనిడూ ఆమె చెల్లెలింట్లో టీ తాగి వస్తున్నారు. బస్సు దిగేసరికే చీకటి. దట్టంగా పొగమంచు.

"రోడ్డు మీదుగా పోదాం, సైరిల్."

"అంత చుట్టా? వాగు దాటితే ఇల్లే కదా. భయమేస్తోందా?"

"భయం కాదు. రాళ్లు జారతాయి."

"నేనున్నాగా, పద."

వాగులోకి దిగారు. ముందు ఎనిడే చూసింది. అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సైరిల్... పైన..."

తలెత్తాడు. కొండ లేదు, ఆకాశం లేదు — అంతా మంచు. ఆ మంచులో, చర్చి గోపురమంత ఎత్తున, చిన్న పసుప్పచ్చని వెలుగు. కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది... సరిగ్గా పట్టాలుండే ఎత్తులో.

సైరిల్ వెనక్కి ఒక్క అడుగు వేశాడు. ఆ కుదుపుకి ఎనిడ్ పట్టు తప్పి పడింది. రాళ్లు దొర్లాయి.

"అబ్బా! కాలు ఇరుక్కుంది... చెయ్యివ్వు..."

అంతలో పైనుంచి, బొంగురుగా, సాగదీసిన గొంతు —

"ఎవరక్కడ... కదలొద్దు... వస్తున్నా..."

'వస్తున్నా' అన్న మాట చెవిన పడిందో లేదో, సైరిల్ పరుగందుకున్నాడు.

వెనక నుంచి "సైరిల్! సైరిల్!" అని వినిపించింది. వినబడలేదని తర్వాత తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా... వినబడింది.

ఇంట్లో పడి గడియ పెట్టాడు. తలుపుకి బల్ల అడ్డం జరిపాడు. ఊపిరి కాస్త కుదుటపడ్డాక, ఎనిడ్ అక్కడే ఉందన్న సంగతి గుండెల్లో గుచ్చుకుంది. లేచాడు. గడియ మీద చెయ్యేశాడు. తియ్యలేకపోయాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు...

తలుపు చప్పుడు!

"సైరిల్, తలుపు తియ్యి."

ఎనిడ్ గొంతే. కానీ ఆ గొంతు పక్కన ఇంకెవరిదో బరువైన ఊపిరి.

"ఎ... ఎవరు?"

"ఎవరేమిటి? నేనే!"

"నీ పక్కన... నీ పక్కనున్నదెవరు?"

పక్కింటి మేడమీద కిటికీ దఢాలున తెరుచుకుంది. మిసెస్ హార్ట్లీ.

"పెళ్లాన్ని చలిలో నిలబెట్టి ఆ ప్రశ్నలేంటయ్యా! మతిగానీ పోయిందా?"

బల్ల లాగాడు. గడియ తీశాడు.

గుమ్మంలో గొర్రెల కాపరి ముసలి అమోస్ లంబ్. వీపు మీద ఎనిడ్. చేతిలో లాంతరు!

"తప్పిపోయిన గొర్రె కోసం పాత రైలుకట్ట కొసదాకా, వంతెన తెగిన చోటిదాకా వెళ్లాను," అంటూ అమోస్ ఆమెని కుర్చీలో దించాడు. "కింద రాళ్లు దొర్లిన చప్పుడైతే కేకేశా. ఈ మంచులో కట్ట కనబడదు కదా, లాంతరొక్కటే..."

మాట సగంలో ఆపేశాడు. పక్కకి లాగిన బల్లని చూశాడు. సైరిల్ మొహం చూశాడు.

శాలువా కప్పుకుని మిసెస్ హార్ట్లీ కూడా వచ్చేసింది. "అయ్యో, కాలు ఎలా వాచిపోయిందో! మరి ఈయనగారు ఎక్కడున్నట్టు?"



"నేనే పంపించాను," అంది ఎనిడ్. "ఇంటికెళ్లి లాంతరు తెమ్మని."

సైరిల్‌కి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు అమోస్, ఎటో చూస్తూ. టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. మిసెస్ హార్ట్లీ కూడా వెళ్లింది.

"ఎందుకలా చెప్పావు?" నేల చూస్తూ అడిగాడు సైరిల్.

"మరేం చెప్పను? నా మొగుడు నన్నొదిలేసి పారిపోయాడని రేపు రొట్టెల కొట్లో నిలబడి చెప్పుకోనా?"

బేసిన్లో వేణ్ణీళ్లు తెచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని ఆమె పాదం అందుకోబోయాడు. ఎనిడ్ కాలు వెనక్కి తీసుకుంది.

"అమోస్ కట్టు కట్టాడు. అలాగే ఉండనీ."

నీళ్లు చల్లారిపోయినా సైరిల్ అక్కడే ఉండిపోయాడు. ఎనిడ్ లెమ్మనలేదు.