సైన్స్ సార్ ఉన్న స్కూలు

"ఈ లిఫ్ట్ సర్వీసింగ్ ఎప్పుడు చేయించారండీ?"

ఆరో తరగతి అడ్మిషన్ల కోసం స్కూల్ చూడటానికి వచ్చిన తల్లిదండ్రులంతా వెనక్కి తిరిగారు. అడిగింది ఒక లిఫ్ట్ మెకానిక్. పక్కనే ఉన్న అతని అక్క కూతురు చిట్టి సిగ్గుతో తల దించుకుంది.

"మీరు చేర్పించేది పిల్లనా, లిఫ్ట్‌నా?" అంది వెనక నుంచి ఒకమ్మాయి.

కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. అన్న కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్లా, చిట్టీ ఒకే క్లాసు, ప్రాణస్నేహితులు. దాంతో తర్వాత ఏ స్కూల్ చూడాలన్నా నలుగురూ కలిసే బయల్దేరారు. ఇంత పెద్ద సిటీలో స్కూళ్ళు ఇంకా ఉండాల్సిందనిపించింది మన మెకానిక్‌కి.

అంతా బాగానే ఉండేది, ఒక స్కూల్లో సైన్స్ సార్ తగలకపోతే.

ఆ స్కూల్ తిప్పి చూపించే పని ఆయనది. పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఏదో జోకేశాడు. కళ్ళద్దాల అమ్మాయి పగలబడి నవ్వింది. మెకానిక్ ఎన్ని జోకులేసినా ఆమె పెదవి కూడా కదిపి ఎరగదు. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"మీ ఫ్రేమ్ బాగుందండీ," అన్నాడు సార్.

"మా షాపుకి రండి, మీకూ చూపిస్తాను."

షాపుకి రమ్మని తనని ఒక్కసారైనా పిలిచిందా? కళ్ళు బాగా కనిపించడం కూడా ఒక దురదృష్టమేనని అతనికి ఆ రోజే తెలిసింది.

చిట్టి ల్యాబ్‌లోంచి పరిగెత్తుకొచ్చింది. "మావయ్యా, మైక్రోస్కోప్‌లో ఉల్లిపొర చూశాను. గదులు గదులుగా ఉంది. నేనిక్కడే చదువుతా."

"చూద్దాంలే," అన్నాడు, సార్ వంక గుర్రుగా చూస్తూ.

అక్క హాస్పిటల్లో నర్సు. డ్యూటీల వల్ల ఒక్క స్కూలూ చూడలేకపోయింది. "నువ్వు చూశావు కదరా. అప్లికేషన్‌లో ఏ స్కూల్ మొదట పెట్టమంటే అదే పెడతాను," అంది.

"ఆ సైన్స్ సార్ స్కూల్ వద్దక్కా. ల్యాబ్ నిండా దుమ్ము. టీచర్లకి పిల్లల మీద ధ్యాసే లేదు."

చిట్టి కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు అతను ఒక ఆఫీసు బిల్డింగ్‌లో లిఫ్ట్ తలుపు విప్పుకుని కూర్చుంటే, నీళ్ళు కారుతున్న గొడుగుతో కళ్ళద్దాల అమ్మాయి వచ్చి నిలబడింది.

"చిట్టి మా పిల్లకి ఫోన్ చేసి ఏడ్చింది. ల్యాబ్‌లో దుమ్ము ఎక్కడ చూశారు?"

అతను స్క్రూడ్రైవర్ తిప్పుతూనే ఉన్నాడు.

"మిమ్మల్నే."

"దుమ్ము లేదు. ఆయన మిమ్మల్ని నవ్వించాడు. నాకు కడుపు మండింది."

"మర్యాదకి నవ్వానండీ."

"మరి నా జోకులకి మర్యాదకైనా నవ్వరేం?"

"మీ దగ్గర మర్యాదెందుకని," అంది ఆమె గొడుగు వంక చూస్తూ. వెంటనే గొంతు గట్టి చేసుకుంది. "మా పిల్ల మాత్రం అక్కడే చేరుతుంది. నేను రోజూ దింపడానికి వెళ్తాను. సార్ రోజూ కనిపిస్తారు. మరి చిట్టి సంగతేంటి?"

సార్ రోజూ కనిపించడమన్నది తలుచుకుంటేనే అతనికి కంపరమెత్తింది. అయినా కంచం ముందు నుంచి లేచిపోయిన పిల్ల మొహం కళ్ళ ముందే ఉంది. చేతులకి గ్రీజు ఉండటంతో ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"అక్కా, అప్లికేషన్ పంపేశావా?"

"సాయంత్రం పంపుతాను. గడువు ఇవాళే కదా."

"ఆ సైన్స్ సార్ స్కూలే మొదట పెట్టు. నేను చెప్పినవన్నీ అబద్ధాలు. ఒకమ్మాయి ఆయన జోకులకి నవ్విందని కుళ్ళుకుని చెప్పాను. ఆ అమ్మాయంటే నాకిష్టం."



"నా కూతురి చదువుతోనా రా నీ ఆటలు?" అంది అక్క. ఆ తర్వాత, "ఇంతకీ ఆ అమ్మాయికి తెలుసా?"

"ఇక్కడే ఉంది. వింటోంది."

"అమ్మా, మావాడికి కుళ్ళు బోలెడు. నువ్వు ఎవరితో నవ్వినా మొహం మాడ్చుకుంటాడు. బాగా ఆలోచించుకో."

కళ్ళద్దాల అమ్మాయి ఫోన్ దగ్గరికి వంగింది.

"నాకూ తక్కువేం లేదు వదినా. రెండో స్కూల్లో లైబ్రరీ మేడమ్ ఈయన్ని చూసి తెగ నవ్వింది. ఇంటికెళ్ళగానే ఆ స్కూల్‌ని లిస్టులోంచి కొట్టేశాను."

లైబ్రరీ మేడమ్ సంగతి అతను వినిపించుకోలేదు. 'వదినా' అన్న మాట దగ్గరే ఉండిపోయాడు.