రేకుచుట్టలో మాత్ర

పొద్దున్నే చిట్టెమ్మ పొయ్యి ముందు కూర్చుని, పిండినీళ్లలో ముంచిన గుడ్డను కాగిన కుండ మీద పరిచి లాగింది. పల్చటి రేకు లేచింది. ఆత్రేయపురంలో ముప్పై ఏళ్లుగా ఆమెది పూతరేకుల పనే. చిరిగిన రేకు ముక్కకి నెయ్యి రాసి, చిన్న చుట్ట చుట్టి, తెల్లపిల్లి మల్లికి పెట్టింది.

"మాత్ర వేసేవా అమ్మా?" రావులపాలెం బట్టల కొట్లో పనికి బయల్దేరుతూ కూతురు వెంకటదుర్గ అడిగింది.

"ఆయ్, మింగేసింది. నువ్వెళ్లు, బస్సు పోతాది."

మల్లి మింగింది ఉత్త రేకే. మాత్ర చిట్టెమ్మ కొంగుముడిలో ఉంది. నిన్నటిదీ మొన్నటిదీ కూడా అందులోనే ఉన్నాయి.

మల్లికి ఆయాసమని పశువుల డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి ఆరు వారాలైంది. దగ్గు తగ్గింది గానీ దాహం పట్టుకుంది. గిన్నెడు నీళ్లు తాగేసి బియ్యం బస్తా మీదే ఉచ్చ పోసేసేది. ఎంత తిన్నా ఆకలే. చిట్టెమ్మ తల్లి కూడా ఆయాసానికి ఇలాంటి మాత్రలే వాడి, మొహం ఉబ్బి, షుగరొచ్చి పోయింది. అది గుర్తొచ్చిన దగ్గర్నుంచీ చిట్టెమ్మకి ముద్ద దిగడం లేదు.

సాయంత్రం వెంకటదుర్గ వచ్చేసరికి మల్లి గోనెపట్టా మీద వాలిపోయి ఉంది. పాలు పెట్టినా తలెత్తలేదు.

"ఏమైందమ్మా దీనికి? ఏం పెట్టేవు?"

చిట్టెమ్మ కొంగుముడి విప్పింది. మూడు మాత్రలు.

"చంపేద్దామనుకున్నావా దీన్ని?"

"బతికించుకుందామనే ఆపేనే! మీ అమ్మమ్మ ఎలా పోయిందో నువ్వు చూళ్లేదు."

బుట్టలో పిల్లిని పెట్టుకుని ఇద్దరూ ఆటో ఎక్కేరు.

డాక్టరుగారు ఇంజక్షన్ చేసి, సెలైన్ ఎక్కించేరు. "ఇన్ని వారాలు వాడిన మందు ఒక్కసారి ఆపకూడదండీ. కొంచెం కొంచెంగా తగ్గించాలి. దాహం, ఆకలి వస్తాయని, మధ్యలో షుగరు కూడా చూసుకోవాలని మీ అమ్మాయికి ముందే చెప్పేనే!"

చిట్టెమ్మ కూతురి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

వెంకటదుర్గ తల దించుకుంది. "చెబితే నీకు నిద్ర పట్టదని... జలుబు చేస్తేనే ఆసుపత్రి దాకా ఆలోచిస్తావు కదమ్మా."

"నిద్ర మానేద్దునే. మాత్ర మాన్పించేదాన్ని కాదు కదా!"

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చేసింది.

మూడో రోజు పొద్దున మల్లి లేచి నించుంది. పొగ తగలకుండా దాని పడక వసారాలోకి మార్చేరు. చిట్టెమ్మ అరచేతిలో మాత్ర పెట్టి కూతురికి చూపించి, అప్పుడు రేకులో చుట్టింది.

"ఇంకా ఏమేం రావచ్చో అన్నీ చెప్పు. దాచకు."

"భయపడతావు."

"పడతాను. నువ్వు చెప్పు."

బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. వెంకటదుర్గ పీట లాక్కుని కూర్చుని, ఒక్కోటీ చెప్పసాగింది. చిట్టెమ్మ వింటూనే లేచి, మల్లి ఖాళీ చేసిన నీళ్లగిన్నె మళ్లీ నింపింది.