మొదట కరిగింది

వేడి ఎనిమిదివందల ఇరవై డిగ్రీలు దాటగానే ఐదో గదిలో నల్ల అభ్రకం విచ్చుకుంది. పద్దెనిమిది కిలోమీటర్ల కింద పాత రాయి చెమర్చడం మొదలైంది. ఆ చెమ్మే శిలాద్రవం. గనులన్నీ అడుగంటాక పైన పొలాలకు పొటాషియం అందులోంచే పోతోంది.

ఆ గది చూసుకునే వకుళ తెర చూసింది. తన ద్రవంలో పొటాషియం 4.2 శాతం, ఆరో గది తనూజది 5.9. పదకొండేళ్లు, గదుల మంటలు చూసే ఆ హాల్లో, పొటాషియం పట్టికలో మొదటి పేరు వకుళదే. నాలుగు నెలల కిందట చేరిన తనూజ పేరు ఇప్పుడు దాని పైన వెలుగుతోంది. చూసినప్పుడల్లా కంట్లో నలుసు పడ్డట్టుంటోంది.

"అక్కా, వైద్య పరీక్షకు పైకి పోతున్న. సాయంత్రం దాకా నా గది జర చూస్తవా?" అంది తనూజ సంచి భుజాన వేసుకుంటూ.

"నీకేం, మంచి రాయి దొరికింది" అనేసింది వకుళ.

"రెండు గదుల్ల ఒక్కటే రాయక్కా! అభ్రకం విడిపోంగనే మొదలు కరిగేదాంట్లనే పొటాషియం ఎక్కువుంటది. అది తీసుకొని మంట ఆపుత. ఇంకా కాలిస్తే మిగతా రాయి కరిగి కలిసి పల్చనైతది."

తనూజ వెళ్లగానే వకుళ రెండు గదుల రాతి నమూనాలు తీసి పోల్చింది. తేడా లేదు. నాలుగు నెలలుగా క్యాంటీన్లో "దానిది అదృష్టం" అని అందరికీ చెప్పిన తన మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

మధ్యాహ్నం గదులన్నిటినీ నడిపే యంత్రం, సమవర్తి, తెర మీద అడిగింది: "ఆరో గది దిగుబడి మేలు. మరింత ద్రవం కోసం ముప్పై డిగ్రీలు పెంచుతాను. సమ్మతమా?"

సరే అంటే చాలు. ద్రవం పల్చనై సాయంత్రానికి తనూజ పేరు కిందికి దిగుతుంది. తననెవరూ తప్పుపట్టరు. వకుళ వేలు మీట మీదికి వెళ్లింది.

తెరలో ఆరో గది పని పటం ఉంది. కాస్త ద్రవం తీయడం, తొమ్మిది గంటలు ఆగడం, మళ్లీ కాస్త తీయడం. అంతసేపు తానెన్నడూ ఆగలేదు. ఈ ఓపిక నాకెందుకు రాలేదనుకుంది అక్కసుగా. అయినా ఆ పటం మీంచి చూపు మరల్చలేకపోయింది.

వేలు తీసి 'వద్దు' నొక్కింది.

"కారణం?" అని అడిగింది యంత్రం. పగులు, పీడనం, పరికర లోపం. ఎంచుకోవడానికి ఆ మూడే ఉన్నాయి. వకుళ కింద టైపు చేసింది: "ఈ గది నాకంటే బాగా తెలిసిన మనిషి పైకెళ్లింది. వచ్చేదాకా ఆగాలి."

సమవర్తికి అది అర్థం కాలేదు. దాంతో తొమ్మిది గదుల ఆదేశాలూ నిలిచిపోయాయి. అధికారి కోదండం ఫోన్ చేశాడు.

"ఎవరాపిన్రు?"

"నేనే సార్."

"పదకొండేండ్లల్ల ఎన్నడన్న ఆపినవా? ఇయ్యాలేమైంది?"

వకుళ ఆరో గది పటం వైపు చూసింది. "తనూజ చేసేదే సరైంది సార్. ఇన్నేండ్లు నేనే ఎక్కువ కాలుస్తున్న."

ఫోన్ పెట్టేసి, యంత్రాన్ని అడగకుండానే తన గది మంట చేత్తో తగ్గించింది. అంతా విన్న నాలుగో గది లింగయ్య తన కుర్చీ లాక్కుని వచ్చి, "ఎంతసేపు ఆగాలె?" అని అడిగాడు.