బొప్పాయి రంగు ఇల్లు

“ఇల్లు మేడమ్, ఐస్‌క్రీమ్ బండి కాదు.”

హో పట్నంలో మార్కెట్ వెనక పెయింట్ షాపులో రంగుల కార్డు మీద వేలు పెట్టి చూపిస్తున్న ఎసినామ్ గిరుక్కున తిరిగింది. చొక్కా నిండా రంగు మరకలతో, చేతిలో రోలర్‌తో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నవ్వు ఆపుకోవాలని చూస్తున్నాడు, ఆగడం లేదు.

“మిమ్మల్ని ఎవరైనా అడిగారా?”

“అడగలేదు. గోడలకి బొప్పాయి రంగు, తలుపులకీ కిటికీలకీ ముదురు నీలం అన్నారు. హో ఊరంతా వినపడింది.”

“వినపడితే మంచిదే. నాకు మంచి పెయింటర్ కావాలి. మీరు కాకుండా ఎవరైనా ఉంటే చెప్పండి.”

కౌంటర్ వెనకున్న షాపావిడ పగలబడి నవ్వింది. “ఈ ఊళ్ళో మంచి పెయింటరంటే ఇతనేనమ్మా, మావులి. చెయ్యి బంగారం, నోరే కాస్త దురుసు.”

అలా మొదలైంది పని.

ఆ ఇల్లు ఎసినామ్‌కి మేనత్త యావా రాసిచ్చి పోయింది. పెళ్ళి చేసుకోకుండా, గుడ్డల కొట్టు నడుపుకుంటూ ఆవిడ కట్టుకున్న ఇల్లు. ఎసినామ్ వంటింటి అడ్డుగోడ తీయించింది, కిటికీలు పెద్దవి చేయించింది, వరండా రేకులు మార్పించింది. ఇక మిగిలింది రంగే.

మావులి వెనక గోడకి ఉప్పుకాగితం పట్టించి, నాలుగు చోట్ల నమూనాలు వేశాడు. పొద్దున చూడమన్నాడు, మిట్టమధ్యాహ్నం చూడమన్నాడు, పొద్దువాలాక మళ్ళీ చూడమన్నాడు.

“కార్డు మీద రంగు అబద్ధాలు చెబుతుంది మేడమ్. ఎండ పడితేగానీ నిజం బయటికి రాదు. చట్రాలకి మాత్రం తెలుపు వేద్దాం. గోడ అంత గట్టిగా అరుస్తుంటే, కిటికీ అయినా కాస్త నెమ్మదిగా మాట్లాడాలి కదా.”

“ఎందుకు మాట్లాడాలి?”

“అంటే... అందరూ అలాగే...”

“ఆ అందరినీ నా ఇంట్లోకి తీసుకురాకండి మాస్టర్. నేను ప్రసూతి వార్డులో నర్సుని. పదేళ్ళుగా పొద్దస్తమానం క్రీమ్ గోడలు, కింద కాఫీరంగు పట్టీ. మా అత్తకి ఈ బొప్పాయి రంగంటే ప్రాణం. ఒంటరి ఆడది, నలుగురి కళ్ళూ ఇంటి మీద పడకూడదన్నారు. ముప్ఫై ఏళ్ళు క్రీమ్ గోడల మధ్యే బతికి పోయింది. ఇప్పుడు పడనివ్వండి ఆ కళ్ళు. ఎంతమంది చూస్తారో నేనూ చూస్తాను.”

మర్నాడు మావులి నీలం డబ్బాలో నలుపు చుక్కలు చుక్కలుగా కలిపి, కిటికీ చట్రానికి జానెడు మేర వేసి పక్కకి జరిగాడు.

“ఇదేనా?”

ఆమె చాలాసేపు చూసింది. “ఇదే.”

“నాదే తప్పు మేడమ్. తెలుపైతే తేలిపోయేది.”

“ఆ మాట ఒక కాగితం మీద రాసివ్వండి. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడతాను.”

అప్పుడే కొండల మీంచి వాన దిగింది. ఇద్దరూ వరండాలోకి పరిగెత్తారు. రేకుల మీద చినుకుల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక, కాల్చిన అరటికాయా వేరుశనగలూ ఒకే కాగితంలోంచి తింటూ కూర్చున్నారు. అతని ముక్కు మీద నీలం చుక్క ఉందని ఆమె సైగ చేసింది. అతను చెవి తుడుచుకున్నాడు. మళ్ళీ సైగ చేసింది. గడ్డం తుడుచుకున్నాడు. చివరికి ఆమే చేతిరుమాలుతో తుడిచేసి, వెంటనే వానకేసి తిరిగింది. అతను మాత్రం వానని చూడలేదు.

గురువారం ఆమె డ్యూటీలో ఉండగా ఫోన్ మోగింది. చిన్నాన్న అగ్బెకో. నాన్న పోయాక ఇంటి పెద్ద ఆయనే.

“నీ ఇల్లు చూసొచ్చానమ్మాయ్. ఆ గోడేంటి? శనివారం డోట్సే వాళ్ళు తలుపు తట్టడానికి వస్తున్నారు.”

తలుపు తట్టడమంటే ఆచారం ప్రకారం స్నాప్స్ అనే సారా సీసాలు పట్టుకుని పిల్లనడగడానికి రావడం. డోట్సేకి రాజధాని ఆక్రాలో టైల్స్ షాపు ఉంది.

“ఎవరినడిగి రమ్మన్నావు చిన్నాన్నా?”

“నిన్నడిగితే ఒప్పుకుంటావా? పెళ్ళయ్యాక నువ్వు ఆక్రా వెళ్తావు, ఇల్లు అద్దెకిస్తాం. అద్దెకొచ్చేవాళ్ళు క్రీమే అడుగుతారు. తలుపులకి కాఫీరంగు. పెయింటర్‌తో మాట్లాడేశాను.”

డ్యూటీ దిగగానే ఆమె ఇంటికి పరుగున వచ్చింది. వరండాలో క్రీమ్ డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్కనే మావులి గోడవైపు తిరిగి ఏదో కలుపుతున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

“అంత తొందరగా మాట మార్చేశారా మాస్టర్?”

“ఆ డబ్బాల మూతలు చూడండి.”

ఒక్క మూతా తీసి లేదు. అతని ముందున్న బకెట్లో బొప్పాయి రంగు.

“క్రీమ్ వేస్తే చర్చి కొత్త హాలు పని ఇప్పిస్తానన్నారు మీ చిన్నాన్న. వద్దన్నాను.”

“అంత పెద్ద పని... వద్దన్నారా?”

“రంగు మీరు చెప్పారు, వేస్తానని నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు ఇంకొకరి మాట విని దీని మీద క్రీమ్ కొడితే, నా చెయ్యంటే నాకే అసహ్యం వేస్తుంది.”

ఎసినామ్ గొంతు తగ్గింది. “తొందరపడ్డాను. ఏమీ అనుకోకు.”

‘అనుకోకు’ అన్నాక గాని తెలియలేదు, ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయిందని. అతనికి తెలిసింది. చెవులు వేడెక్కాయి.

“శనివారానికి అవుతుందా?”

“ఇద్దరం పట్టుకుంటే అవుతుంది.”

“బ్రష్ ఇటివ్వు.”

శనివారం పది గంటలకి రెండు కార్లు ఆగాయి. గోడలు ఎండలో పండిపోయి ఉన్నాయి. మావులి నిచ్చెన మీద చివరి కిటికీ చేస్తున్నాడు. పాత గౌనులో, మోచేతుల దాకా నీలంతో, ఎసినామ్ తలుపు దగ్గర నిలబడి ఉంది.

“పరువు తీశావే!” అన్నాడు అగ్బెకో.

డోట్సే మర్యాదస్తుడు. నవ్వాడు. “పోనీలెండి అంకుల్, రంగే కదా. రెండు రోజుల్లో మార్పించేస్తాను.”

“చూశావా చిన్నాన్నా, ఈయన కూడా నన్ను అడగలేదు. తప్పుగా అనుకోకండి డోట్సే గారూ, మీ సీసాలు నేను తీసుకోను. ఇల్లు అద్దెకివ్వను. ఇందులో నేనుంటాను.”

“ఈ అవతారం చూశాక ఇంకెవడొస్తాడే నీ గడపకి?”

“ఒకతను రెండు వారాలుగా రోజూ వస్తున్నాడు. నాకేం కావాలో అడిగాడు. నచ్చనిది మొహం మీదే చెప్పాడు. తప్పయితే ఒప్పుకున్నాడు. నాకు అతనే కావాలి. అతనికి నేను కావాలో లేదో మాత్రం ఇంకా అడగలేదు.”

నిచ్చెన మీంచి బ్రష్ జారి కింద పడింది.

“అయితే అడుగమ్మా,” అంది డోట్సేతో వచ్చిన ముసలి పెద్దమ్మ, వరండా మెట్టు మీద చతికిలబడుతూ. “ఇంత దూరం వచ్చాం, అదైనా విని పోదాం.”

మావులి మెల్లగా దిగాడు. “వాన పడ్డ రోజు నుంచీ కావాలి. పనిలో ఉండగా చెబితే బాగుండదని ఆగాను.”

ఎసినామ్ వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చింది. డోట్సే నీళ్ళు తాగి, మావులితో చెయ్యి కలిపి, సీసాలు కారెక్కించాడు. అగ్బెకో మాత్రం గేటు దాకా వెళ్ళి ఆగాడు. మొహం ఇంకా గంటు పెట్టుకునే ఉన్నాడు.

“ఏయ్ పెయింటరూ, మీకు పెద్దవాళ్ళు ఎవరున్నారు?”

“అమ్మ ఉందండి. క్పాండోలో కుండలు చేస్తుంది.”

“వస్తే రెండు సీసాలతో రమ్మను. ఒక్కటి తెస్తే గేటు తియ్యను.”

కార్లు వెళ్ళిపోయాయి. మావులి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

“వచ్చే శనివారం అమ్మని తీసుకొస్తాను. నువ్వు చేసిందంతా వింటే హడలిపోతుంది. ఏ రంగు బట్టలు కట్టుకుంటే ఈ అమ్మాయికి నచ్చుతానో అని నన్ను చంపుకు తింటుంది. ఏం చెప్పను?”

ఎసినామ్ కింద పడ్డ బ్రష్ తీసి అతని చేతిలో పెట్టింది.

“తనకి నచ్చింది కట్టుకోమను. ఇంకెవర్నీ అడగొద్దని చెప్పు.”