ఆరో మంచం మీది ధన్య

"మూడు రోజులుగా ఇదే వరస! కూతురు పలకరిస్తే కసురుతావు, మొగుడు పలకరిస్తే ఏడుస్తావు! ఊళ్ళో నువ్వొక్కదానివేనా నర్సువి?" అత్తగారు త్రేస్యమ్మ గొంతు పెంచింది.

ఎల్సీ ముందు పళ్ళెంలో బియ్యప్పిండి పుట్టు చల్లారిపోయింది.

"ఇవాళ రాజీనామా ఇచ్చేస్తాను అమ్మచ్చీ..." అంటూనే భోరుమంది.

"ఆరో మంచం మీద ధన్య అని... ఇరవై రెండేళ్ళ పిల్ల! స్కూటర్ మీంచి పడింది. మెదడు చనిపోయిందని డాక్టర్లు తేల్చేశారు. వాళ్ళమ్మ సుభద్ర అవయవాలు ఇస్తానంది. కానీ గుండె కొట్టుకుంటోంది అమ్మచ్చీ, ఒళ్ళు వెచ్చగా ఉంది! మొన్నటిదాకా ఆ పిల్ల కోసం చేసిన సేవే ఇప్పుడు కిడ్నీలు పాడవకుండా చెయ్యాలి... నిన్న పక్కకు తిప్పుతూ 'కాస్త ఓర్చుకో తల్లీ' అన్నాను. సుభద్రక్క వినేసింది! 'నొప్పి తెలుస్తోందా? అయితే బతికే ఉందిగా!' అని నా చెయ్యి పట్టుకుంది... నేను నోరు విప్పలేక పారిపోయి వచ్చేశాను!"

త్రేస్యమ్మ కొంగుతో కోడలి మొహం తుడిచింది. "ఉద్యోగం సంగతి తర్వాత. ఆ తల్లిని అలా వదిలేసి రాకూడదే! పద, నేనూ వస్తాను."

త్రిశూర్ ఆస్పత్రి వరండాలో సుభద్ర ఇంకా సంతకం చెయ్యని అవయవదానం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎల్సీ ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడింది.

"అక్కా, ధన్యకు నొప్పి తెలియదు. తను వెళ్ళిపోయింది... ఆ మాట నా నోటి అలవాటు. మీకు లేనిపోని ఆశ పెట్టాను, క్షమించండి! సంతకం మాత్రం మీ ఇష్టం. వద్దన్నా ఎవరూ ఏమీ అనరు."

"పోయిన పిల్లతో ఎందుకు మాట్లాడావమ్మా?"

"మాట్లాడకుండా ముట్టుకోవడం... నాకు చేతకాలేదక్కా!"

సుభద్ర పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. "అయితే ఆపరేషన్ గది దాకా నువ్వే తోడు వెళ్ళు. నా వల్ల కాదు..."

ఎల్సీ వెళ్ళింది. ధన్య జుట్టు దువ్వి జడ వేసింది. తలుపు మూసుకునేదాకా ఏదో చెబుతూనే ఉంది.

తిరిగొచ్చేసరికి ఆరో మంచానికి కొత్త దుప్పటి పరుస్తున్నారు! ఎల్సీ గోడకు జారగిలబడిపోయింది. త్రేస్యమ్మ ఆమెను పొదివి పట్టుకుని, హెడ్ నర్సు వైపు తిరిగింది.

"మా కోడలికి వారం రోజులు సెలవు కావాలి సిస్టర్."

"కారణం ఏం రాయమంటారు?"

త్రేస్యమ్మ కోడలి తల తన భుజానికి ఆనించుకుంది.

"మా ఇంట్లో పిల్ల పోయింది... అని రాయండి!"