బస్ అనేదాకా

సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మీద చిరంజీవి షెడ్డంటే పాత కార్లకు పుట్టిల్లు. ఎవరి చేతికీ లొంగని బండి ఆఖరుకు ఆయన దగ్గరికే చేరుతుంది. ఆ వేసవిలో అట్లా చేరిందే మిర్యాలగూడ నుంచి ఒక నల్ల అంబాసిడర్. రైసుమిల్లు దామోదర్ తన కూతురు అక్షితను అందులోనే పెళ్లిమండపానికి తీసుకుపోవాలని ముచ్చటపడ్డాడు. పెళ్లి ఎల్లుండే. టైమింగ్ ఒక్కటి కుదరడం లేదు, మిగతాదంతా బంగారమని చెప్పి, తాళాలిచ్చి వెళ్లిపోయాడు.

బంగారమేనట! చిరంజీవి బానెట్ ఎత్తి చూశాడు. నల్లరంగు అందని మూలల్లో పాత తెల్లరంగు కనిపించింది. ఫ్యాను రెక్కల్లో ఒకటి కొస దగ్గర వంగి ఉంది. ఏడేళ్ల కిందట ఇదే షెడ్డులో, ఆ రెక్క ఎట్లా వంగిందో ఆయన కళ్లారా చూశాడు.

టైమింగ్ పెట్టడమంటే, ఇంజన్లో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో ఆ క్షణాన్ని కుదర్చడం. అది ఇద్దరి పని. ఒకరు టైమింగ్ లైటు పట్టుకొని, కింద తిరిగే చక్రం మీది సుద్దగీతను చూడాలి. రెండోవాళ్లు రవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ ఉండాలి. రవ్వ పడ్డప్పుడల్లా లైటు మెరుస్తుంది. ఆ మెరుపుల్లో సుడి తిరిగే చక్రం, దాని పైనున్న ఫ్యాను, నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. కనిపిస్తాయంతే. అందుకే గీత కుదరగానే ముందు లైటు తీసెయ్యాలి, ఆ తర్వాతే చాలని 'బస్' అనాలి. ఆ మాట వినబడ్డాకే రెండోవాళ్లు వంగి డిస్ట్రిబ్యూటర్ బోల్టు బిగించాలి. బస్ అనేదాకా వంగేది లేదు. షెడ్డుకు అదొక్కటే శాస్త్రం.

ఏడేళ్ల కిందట డిస్ట్రిబ్యూటర్ దగ్గర నిలబడ్డది మురళీధర్. షెడ్డులో సగం వాటా ఉన్నవాడు, ఒకే కంచంలో తిన్న దోస్తు. లైటు చిరంజీవి చేతిలో ఉంది. జేబులో ఫోన్ మోగితే, దాన్ని తీసి చూసుకుంటూ, లైటు తియ్యకుండానే ఈయన బస్ అనేశాడు. మురళి వంగాడు. మెడలో తువ్వాల ఉంది.

మురళి చనిపోయాక పోలీసులకూ, మురళి భార్య పుష్పలతకూ, ఊరందరికీ చిరంజీవి ఒక్కటే చెప్పాడు. తను బస్ అననే లేదని, వాడే తొందరపడి వంగాడని. చెప్పగా చెప్పగా ఆ అబద్ధం నోటికి అలవాటైంది గానీ, గొంతు దిగలేదు. ఆ రోజు నుంచి ఆయన మెడలో తువ్వాల వేసుకోలేదు. షెడ్డులో ఎవరినీ వేసుకోనివ్వలేదు.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ దగ్గర నిలబడేది మురళి కూతురు త్రివేణి. పాలిటెక్నిక్ చదివి, నాయన పనే చేస్తానని తనంతట తానే వచ్చింది. పిల్లల్లేని చిరంజీవికి ఆమే బిడ్డ. ఆమె 'కాకా' అని పిలిచినప్పుడల్లా ఆయనకు ప్రాణం లేచొచ్చేది, ఆ వెంటనే కుంగిపోయేది. నిజం తెలిసిన రోజు ఆ పిలుపు ఖతం. ఆయన భయమంతా అదే.

బండిని తిప్పి పంపేద్దామనుకొని, అంతకుముందు దీన్ని చూసిన కోదాడ మెకానిక్ ఏసుబాబుకు ఫోన్ చేశాడు.

"టైమింగ్ కుదురుద్దన్నా," అన్నాడు ఏసుబాబు గొంతు తగ్గించి. "బోల్టు బిగిద్దామని వంగితేనే... వెనకాల ఎవరో నిలబడినట్టుంటది. నేనింక దాన్ని ముట్టుకోను."

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి త్రివేణి బోల్టు వదులు చేసి, లైటు క్లిప్పులు బ్యాటరీకి తగిలించి సిద్ధంగా ఉంది. ఇంత చిన్న పనికి ఎందుకు పరేషాన్ అవుతున్నావని నవ్వింది. ఏమని చెప్పి ఆపుతాడు?

పగలు మూడు గంటలు. ఎండ వెలుగులో సుద్దగీత కనిపించదు. అందుకని పొగ పోవడానికి జానెడు సందు వదిలి షట్టర్ దించేశారు. లోపల చీకటి. కాలిన నూనె వాసన, వేడెక్కిన రబ్బరు వాసన. పైన రేకులు ఎండకు టక్కు టక్కుమంటున్నాయి. ఇంజన్ దగ్గి, గొంతు సవరించుకొని, తిరగడం మొదలుపెట్టింది.

చిరంజీవి లైటు నొక్కాడు. ఫ్యాను నిలబడిపోయింది. వంగిన రెక్క సరిగ్గా పైకి వచ్చి ఆగింది. సుద్దగీత చక్రం మీద తెల్లగా వణుకుతోంది. జర వెనక్కి అన్నాడు, త్రివేణి తిప్పింది. ఇంకొంచెం అన్నాడు. గీత దగ్గరికి వస్తోంది.

అప్పుడు జర్దా వాసన వచ్చింది.

షెడ్డులో ఇప్పుడు జర్దా తినేవాళ్లెవరూ లేరు. ఒకప్పుడు మురళి తినేవాడు. చిరంజీవి తల ఎత్తాడు. డిస్ట్రిబ్యూటర్ మీద త్రివేణి చెయ్యి ఉంది. మెరుపు. ఆ చెయ్యి పక్కన ఇంకో చెయ్యి. మెరుపు. లేదు. మెరుపు... ఉంది. వేలికి రాగి ఉంగరం.

ఆయన పెదవులు అతుక్కుపోయాయి.

"బస్."

ఆ మాట ఇంజన్ పక్క నుంచి వచ్చింది. గొంతు మాత్రం ఆయనదే. ఏడేళ్ల కిందటి గొంతు.

త్రివేణి వంగింది. భుజం మీది జడ జారి ముందుకు పడింది. చిరంజీవి ఎడమ చెయ్యి చాపి కాయిల్ వైరును పట్టి లాగేశాడు. మోచేతి దాకా షాకు కొట్టింది. ఇంజన్ ఒక్కసారి ఎగిరి చచ్చిపోయింది. లైటు ఆరింది.

చీకట్లో త్రివేణి రొప్పుతోంది.

"లైటు తియ్యకుంటనే బస్ అన్నవేంది కాకా? ఫ్యాను ఆగిందనే అనుకున్న. నువ్వు జడ పట్టి గుంజకపోతే..."

ఆమె ఆగిపోయింది. షట్టర్ సందులోంచి వచ్చే వెలుగులో ఆయన చేతులు కనిపిస్తున్నాయి. ఒకదానిలో లైటు, ఒకదానిలో వైరు. ఇద్దరి మధ్యా ఇంజన్ అడ్డంగా ఉంది. ఆమె చెయ్యి మెల్లగా తన జడ మీదికి పోయింది.

"నాయన జర్దా వాసనొస్తుంది," అంది గుసగుసగా. "ఆ రోజు సుత నువ్వు గిట్లనే అన్నవా?"

లేదు అనే మాట అలవాటుగా నాలుక కొసకు వచ్చింది. కానీ జర్దా వాసన ఇప్పుడు ఆయన పక్కనే ఉంది, వెచ్చగా, చెవికి తగిలేంత దగ్గరగా.

"అన్న బిడ్డా. ఫోన్ సూసుకుంట అన్న."

త్రివేణి చప్పుడు లేకుండా ఏడ్చింది. బ్యాటరీ మీది క్లిప్పులు రెండూ పీకి చేతిలో పట్టుకుంది. లైటును ఆయన చేతిలోంచి తీసుకొని మడ్‌గార్డు మీద పెట్టింది. తర్వాత పానా అందించింది.

"బోల్టు వదులుగనే ఉన్నది. ఇయ్యాల నువ్వే బిగియ్యి."

ఈసారి కాకా అనలేదు. చిరంజీవి ఆమె వైపుకు వచ్చి, మురళి నిలబడ్డచోటే నిలబడి, వంగాడు.

లైటు మెరిసింది.

"ఎందుకేసినవ్ బిడ్డా?"

"నేనెయ్యలే..." త్రివేణి చేతులెత్తి చూపించింది. "క్లిప్పులు నా చేతులనే ఉన్నయ్."

మెరుపు. మెరుపు. మెరుపు. ఇందాకటి లయలోనే. ఆయన మొహానికి జానెడు దూరంలో ఫ్యాను నిలబడి ఉంది. వంగిన రెక్క సరిగ్గా పైన ఉంది. ఇంజన్ చచ్చిపోయింది, కాయిల్ వైరు వేలాడుతోంది, కాబట్టి ఫ్యాను ఆగే ఉంటుంది. ఆగే ఉండాలి... మరి ఈ వేడిగాలి ఎక్కడి నుంచి వస్తోంది?

వెనక్కి జరగబోయాడు. మెడకు ఏదో మెత్తగా, తడిగా తగిలింది. చెయ్యి పెట్టి తడిమాడు. తువ్వాల.

దాని కొస మెల్లగా లేచి ఫ్యాను వైపు పోతోంది.